చూరులో గ్లాసు

స్నేహితులు ఆదివారం వస్తారనగా శుక్రవారం నాడు దామోదరం పాకాల వెళ్ళి పేపర్ కప్పులు కొన్నాడు. ఇంట్లో లేకనా? వెనక వసారా గోడ గూట్లో ఒక ప్యాకెట్టు ఎప్పుడూ ఉంటుంది. అవి తెల్లవి, పల్చవి, టీ పోస్తే వేళ్ళు చురుక్కుమంటాయి. ఇప్పుడు కొన్నవి మందంగా, పూల బొమ్మలతో ఉన్నాయి. వాటికి తోడు కాగితం ప్లేట్లు, నీళ్ళకని ఇంకాస్త పెద్ద కప్పులు.

"ఏమి సామీ, ఇంట్లో ఫంక్షనా?" అన్నాడు అంగడి ఆయన.

"తిరపతిలో నాతో డిగ్రీ చదివినోళ్ళు వస్తా ఉండారప్పా. మా తోటకి," అన్నాడు దామోదరం, కాస్త గొప్పగానే.

గొప్పగా అయితే అన్నాడు కానీ, సంచీ బండికి తగిలించుకుని ఇంటికి వస్తూ దారిలో రెండుసార్లు బండి ఆపి దాని మూతి బిగించుకున్నాడు. బిగించుకోడా మరి! ఆ కప్పులు ఎవరికోసం కొన్నాడో, ఎందుకు కొన్నాడో ఆయనకు తెలుసు. పైకి చూస్తే నలుగురికీ ఒకే రకం కప్పులు, ఎంత ముచ్చట! లోపలి సంగతి వేరు.

దామోదరం చెడ్డవాడా అంటే కాదు. అదే ఇక్కడ చిక్కు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత దూరం రాదు. అరవైకి దగ్గర పడ్డాడు. తండ్రి ఇచ్చిన మామిడితోట, తోటలోనే ఇల్లు. బేనీషా, తోతాపురి, గట్టు పక్కన నాలుగు నీలం చెట్లు. కోతకొచ్చే కూలీలకు కూలి ఎగ్గొట్టడు. వాళ్ళలో ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీదే ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఊళ్ళో ఏ సభ జరిగినా వేదిక మీద కుర్చీ వేస్తారు. కుడి కనుబొమ్మ మీద ఉన్న మచ్చ తడుముకుంటూ కాలేజీ రోజుల సంగతి చెబుతాడు. జనం చప్పట్లు కొడతారు.

ఆ మచ్చ కథ ఇదీ. తిరుపతిలో చదివే రోజుల్లో దామోదరం, మునిచంద్ర, ధనశేఖర్, రెబెకా అని నలుగురు ఒక జట్టు; మునిచంద్ర వాళ్ళది దళితవాడ. చంద్రగిరికి పోయే దోవలో ఒక పల్లెలో టీ అంగడి ఉండేది. దాంట్లో గ్లాసులు రెండు రకాలు. దళితవాడ వాళ్ళకిచ్చే గ్లాసుల అడుగున ఎర్ర రంగు చుక్క ఉండేది. అవి బయట బల్ల మీద ఉండేవి. తాగినవాళ్ళే కడిగి అక్కడ బోర్లించాలి. ఒక సాయంత్రం ఈ నలుగురూ కిరసనాయిలు సీసా, పాత గుడ్డ పట్టుకుని వెళ్ళారు. ఆ చుక్కలన్నీ తుడిచేసి, లోపలివీ బయటివీ కలిపి ఒకే బక్కెట్లో ముంచేశారు. ఏది ఎవరిదో అంగడివాడికి తెలిస్తే కదా! వాడు నెత్తి కొట్టుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు వచ్చి పడ్డారు. ఎవరో మునిచంద్ర మీదికి గ్లాసు విసిరితే, దామోదరం అడ్డం వెళ్ళాడు. అది వచ్చి కనుబొమ్మకు తగిలింది. మునిచంద్ర తన తువ్వాలు చించి కట్టు కట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకో ఊళ్ళో ఆగి, ఒకే ఒక్క టీ తీసుకుని ఒక్క గ్లాసులో నలుగురూ తాగారు. కంటి మీద నెత్తురు కారుతుండగా దామోదరం అన్నాడు:

"నేను ఇల్లు కట్టుకున్నాక నా ఇంట్లో రెండో గ్లాసు అంటూ ఉండదు. ఇది ఒట్టు."

ఎవరూ అడగలేదు. తనంతట తనే అన్నాడు.

డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చిన వారంలోనే ఒట్టు నిలబెట్టుకోబోయాడు కూడా. వాళ్ళ ఇంటి వెనక పెంకుల వసారా చూరులో ఒక సత్తుగ్లాసు దోపి ఉండేది. పనికొచ్చిన వాడ మనుషులు చెయ్యి పైకెత్తి దాన్ని తీసుకుని, తాగి, కడిగి మళ్ళీ చూరులోనే పెట్టేవాళ్ళు. తాత కాలంలో కొబ్బరిచిప్ప ఉండేదట. నాయన కాలానికి సత్తుగ్లాసు అయింది. దామోదరం దాన్ని తీసుకుపోయి తోట బావిలో వేశాడు. తల్లి చంద్రకాంతమ్మ ఏమీ అనలేదు. అన్నం మానేసింది. అది తిట్టడం కంటే ఎక్కువ. కొడుకు దిగొచ్చి బతిమాలాక తింది. తర్వాత చూరులోకి ఇంకో గ్లాసు వచ్చింది. దామోదరం చూశాడు, చూడనట్టు వెళ్ళిపోయాడు. అమ్మ ఉన్నన్నాళ్ళే కదా అనుకున్నాడు.

కొన్నేళ్ళకు కాగితం కప్పులొచ్చాయి. మొదటి ప్యాకెట్టు తిరుపతి నుంచి దామోదరమే తెచ్చాడు. ఎంత సంబరపడ్డాడో! అమ్మకు బాధ లేదు. వాడవాళ్ళకు చూరులో చెయ్యి పెట్టే అవమానం లేదు. తాగి పారేస్తే సరి. శుభ్రం కూడానూ. ఎవరినీ నొప్పించకుండా ఇంత తెలివిగా తప్పించుకున్నందుకు తన భుజం తనే తట్టుకున్నాడు. చూరులో గ్లాసు తీసేశారు, గోడ గూట్లోకి కప్పుల ప్యాకెట్టు వచ్చింది. ఇంట్లోవాళ్ళకి స్టీలు గ్లాసులు, బయటివాళ్ళకి కాగితం కప్పులు. మళ్ళీ రెండు రకాలే.

చంద్రకాంతమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె చనిపోయిన నెలలోనే సరుకులు రాయిస్తూ భార్య పంకజాక్షి అడిగింది, "ఈ కప్పులు ఇంకా తేవాల్నా?" అని. దామోదరం పేపరు చదువుకుంటున్నాడు. తల ఎత్తకుండా "ఉండనీలే" అన్నాడు. అంతే. ఉప్పూ పప్పూతో పాటు అవీ వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ధనశేఖర్ ఫోన్లో పాత జట్టునంతా పోగుచేసి, దామూ తోటలోనే కలుద్దామని తేల్చేశాడు. తిరుపతిలో హోటల్లో కలుద్దామని దామోదరం చెప్పి చూశాడు. వింటేనా! "మామిడికాయల కాలంలో హోటలేందప్పా, నీకేమన్నా పిచ్చా?" అన్నారు. మునిచంద్ర ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. ఇన్నేళ్ళలో దామోదరం వాళ్ళింటికి ఎన్నోసార్లు వెళ్ళి అన్నం తిన్నాడు. తన ఇంటికి మాత్రం ఏదో ఒక సాకు చెప్పి రానివ్వలేదు. వస్తే ఏ గ్లాసులో ఇవ్వాలి? ఆ ప్రశ్నకు జవాబే శుక్రవారం నాడు కొన్న పూల కప్పులు. అందరికీ కాగితమే అయితే ఎవరికి అనుమానం వస్తుంది? ఒక్క పూట గడిస్తే చాలు.

ఆదివారం పదింటికల్లా ముగ్గురూ ధనశేఖర్ కార్లో దిగారు. మునిచంద్ర బట్టతల చూసి దామోదరం గుర్తుపట్టలేనట్టు నటించాడు. మునిచంద్ర ఆయన పొట్ట మీద తట్టి, "ఈ మూటలో ఏముండాది సామీ?" అన్నాడు. రెబెకా వంటింట్లోకి నేరుగా వెళ్ళి పంకజాక్షిని కావలించుకుంది. కాసేపు దామోదరం అన్నీ మర్చిపోయాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

వెనక వసారాలో కుర్చీలు వేశారు. అక్కడ గాలి బాగా వస్తుంది. ఎదురుగా చెట్టుకింద లోకేశ్వరి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కోసిన కాయల్ని గ్రేడు చేసి పెట్టెల్లో సర్దుతున్నారు. పంకజాక్షి బేనీషా ముక్కలు కోసి ప్లేట్లలో తెచ్చింది, వెనకే పూల కప్పుల్లో కాఫీ తెచ్చింది. తింటూ తింటూ మాటలు పాత రోజుల మీదికి, అక్కడి నుంచి తమ మీదికి మళ్ళాయి. ముందు నవ్వుతూనే మొదలైంది.

"మనం తిరపతి బస్సు డిపో ముందర కార్మికుల కోసం గొంతు చించుకున్నాం గదా," అన్నాడు ధనశేఖర్. "ఇప్పుడు నేను శ్రీసిటీ పక్క ఫ్యాక్టరీలో చేసే పని తెలుసునా? పర్మనెంటు చెయ్యమని అడిగిన పిల్లోళ్ళ పేర్లు కంపెనీకి చెప్పేది నేనే. మర్నాడు తడ కాడ కంపెనీ బస్సు దగ్గర పేర్లు పిలస్తారు. వాళ్ళ పేరు రాదు. ఊరికే నిలబడి సూస్తా ఉంటారు, తప్పు విన్నామేమో అని. అప్పటి నేను ఇప్పటి నన్ను చూస్తే గల్లా పట్టుకునేవాణ్ణప్పా."

"నేనేం తక్కువా?" అంది రెబెకా. "సర్కారు బడే బడి అని ఊరూరా చెప్పిన దాన్ని. జీవితమంతా దాంట్లోనే పాఠం చెప్పినా. నా బిడ్డల్ని మాత్రం ఆ గడప తొక్కనియ్యలే. పిల్లోళ్ళు అడిగేవాళ్ళు, టీచర్, మీ పాప ఏ బడి అని. ఏదో మాట చెప్పి తప్పించుకునేదాన్ని."

మునిచంద్ర కప్పులోకి చూస్తూ అందుకున్నాడు. శ్రీకాళహస్తిలో లెక్చరర్ ఆయన, వచ్చే ఏడు రిటైరు కావాలి.

"తిరపతిలో బాడుగ ఇల్లు దొరక్క తిరిగి తిరిగి, చివరికి ఒకాయన అడిగితే మా కులం దాచిపెట్టినా," అన్నాడు. "వేరేది చెప్పినా. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా నాయన్ని రావద్దన్నా. ఆయన మాట్లాడితే కనిపెట్టేస్తారని. పాపం, ఏమీ అనలే. బస్టాండుకే వచ్చి, నన్ను చూసి, మనవడికి వేరుశెనక్కాయలు ఇచ్చి ఆడనించే పోయేవోడు. పంటల దగ్గరా పందిళ్ళ దగ్గరా పనిచేసి బతికినోడు, నా కొడుకు పెద్ద ఇంట్లో ఉండాడని ఊళ్ళో చెప్పుకున్నాడంట. ఆ ఇంటి గుమ్మం చూడకుండానే పోయినాడు."

చెట్టుకింద ఆడవాళ్ళు కాఫీ తాగుతున్నారు. ధనశేఖర్ అటు చూసి, వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు కాబోలు, దామోదరం తొడ మీద చరిచాడు.

"పోనీలేబ్బా. మన నలుగురిలో ఒకడన్నా నిలబడినాడు. సూడండి, ఆడ చెట్టుకింద వాళ్ళకీ కాయితం కప్పే, ఈడ మనకీ కాయితం కప్పే. చెప్పినాడు, చేసినాడు. దామూ, నువ్వొకడివే గెలిచినావప్పా."

మునిచంద్ర తలెత్తి దామోదరాన్ని చూసి నవ్వాడు. అది ఎంత మంచి నవ్వంటే, దామోదరానికి తల కొట్టేసినట్టయింది. అప్పుడన్నా నోరు విప్పి ఉండవచ్చు. ముగ్గురూ తమ తమ గుట్టు విప్పి ముందర పెట్టారు, ఈయన కూడా ఒక మాట చెబితే ఆ వరసలో కలిసిపోయేది. చెప్పాడా? లేదు. "ఏదోలేప్పా" అని మామిడి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మెచ్చుకుంటే వద్దనలేకపోవడం ఆయనకు మొదటి నుంచీ ఉన్న జబ్బే.

ఇంకో కాఫీ కోసం లోకేశ్వరి వసారా దగ్గరికి వచ్చింది. అలవాటు ప్రకారం గోడ గూట్లోకి చెయ్యి పెట్టి తెల్ల కప్పు తీసుకుంది. తిరిగేటప్పుడు ఆమె కళ్ళు కుర్చీల్లో ఉన్నవాళ్ళ చేతుల మీద పడ్డాయి.

"ఏందమ్మా పంకజమ్మా," అంది నవ్వుతూ, "ఈ పొద్దు అందరికీ మా కప్పులేనా? వాళ్ళకైతే పూలు కూడా ఉండాయే."

ఆమె మనసులో ఏమీ లేదు. పంకజాక్షి కాఫీ పోసింది, లోకేశ్వరి వెళ్ళిపోయింది. ధనశేఖర్ ముఖం మీది నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. రెబెకా గూటి వంక చూసింది. తన కప్పు వంక చూసింది. దామోదరం తలవంచుకుని చెప్పు కొనతో నేల మీద గీతలు గీశాడు. లేచి తోటలోకి పారిపోవాలనిపించింది.

మునిచంద్ర చాలా నెమ్మదిగా అన్నాడు, "దామూ, ఈ కాయితం కప్పులో నాకు కాఫీ తాగినట్టే లేదప్పా. లోపల్నుంచి ఒక గ్లాసు తే. ఆ పొద్దు మాదిరి నలుగురం దాంట్లోనే తాగుదాం."

ఎత్తిపొడుపు కాదు అది. ఇన్నేళ్ళ స్నేహితుడు చెయ్యి అందించాడు. పట్టుకుని పైకి రావడమొకటే దామోదరం చెయ్యాల్సింది.

దామోదరం వంటింట్లోకి వెళ్ళాడు. పంకజాక్షి పొయ్యి దగ్గర ఉంది. "ఒక గ్లాసు," అన్నాడు. ఆమె అలమరలోంచి రోజూ ఆయన కాఫీ తాగే స్టీలు గ్లాసు తీసి చేతిలో పెట్టింది. ఏ ఆలోచనా లేకుండా పెట్టింది. అంచు దగ్గర చిన్న సొట్ట ఉన్న గ్లాసు. ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. దీంట్లో మునిచంద్ర తాగుతాడు. సంతోషంగా తాగనీ. తర్వాత ఇది లోపలికొస్తుంది, రేపు పొద్దున దీంట్లోనే తనకు కాఫీ. ఏమవుతుంది? ఏమీ కాదు. ఏమీ కాదని ఆయనకు తెలుసు. అయినా చెయ్యి ముందుకు కదల్లేదు. తన చేతిని చూసి తనకే అసహ్యం వేసింది.

"ఇది కాదే. కొత్తది ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

పంకజాక్షి ఆయన ముఖం వంక ఒకసారి చూసింది. స్టూలెక్కి, అటక మీది పెట్టెలోంచి ఒక గ్లాసు తీసింది. కూతురి పెళ్ళిలో వచ్చినవాళ్ళకు పంచగా మిగిలినవి అవి. తళతళలాడుతోంది. మీద చుక్కలతో పేర్లు చెక్కి ఉన్నాయి, హేమశ్రీ, రూపేష్ అని. దామోదరానికి ప్రాణం లేచి వచ్చింది. కొత్త గ్లాసు. తాగినాక స్నేహితుడికే ఇచ్చేయొచ్చు, గుర్తుగా. ఎంత బాగుంటుంది! ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. చూశారా, ఆ బుర్ర మళ్ళీ ఎంత చురుగ్గా పనిచేసిందో.

నలుగురూ తాగారు. ధనశేఖర్ ముందు, తర్వాత రెబెకా, తర్వాత దామోదరం. ఆయన మంచి గుక్కే తాగాడు, అందరూ చూసేట్టు. చివరికి మునిచంద్ర. ఆయన అడుగు దాకా తాగి గ్లాసు కింద పెట్టబోతుంటే దామోదరం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వే పెట్టుకో మునీ. మా పాప పెండ్లిది. ఈ పొద్దుటికి గుర్తుగా ఉండనీ."

మునిచంద్ర గ్లాసు చుట్టూ తిప్పుతూ పేర్లు చదివాడు. మళ్ళీ చదివాడు.

"మా ఇంట్లో ఇట్లాంటివి శానా ఉండాయి దామూ," అన్నాడు. "మా నాయన పెండ్లిళ్ళకి పందిళ్ళు వేసేవాడు గదా. శానా ఇండ్లల్లో మజ్జిగ దోసిట్లో పోసేవాళ్ళు. మంచి ఇండ్లల్లో గ్లాసుతో ఇచ్చేవాళ్ళు. తాగినాక, 'నువ్వే తీసుకుపో, గుర్తుగా ఉండనీ' అనేవాళ్ళు. నాయన ఇంటికి తెస్తే నాకు పండగే. మా నాయన పని మెచ్చి ఇచ్చినారు అనుకుని బడిలో చెప్పుకునేవాణ్ణి. ఎందుకిచ్చినారో పెద్దయినాక తెలిసింది. మా వంటింట్లో గ్లాసుల మీద ఊళ్ళో అందరి పేర్లూ ఉండాయి. మా పేరు ఒకటీ లేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే దామోదరానికి కాస్త తేలికగా ఉండేది. వాదించడానికో, క్షమించమనడానికో ఒక దారి దొరికేది. రెబెకా కళ్ళు తుడుచుకుంటూ చీర కొంగు సర్దుకున్నట్టు నటించింది. ధనశేఖర్ కారు తాళాలు చేత్తో తిప్పుకుంటున్నాడు.

"మునీ, అది కాదప్పా..." అన్నాడు దామోదరం. ఏది కాదు? అదే.

మునిచంద్ర లేచి కొళాయి దగ్గరికి వెళ్ళాడు. పీచుతో గ్లాసు శుభ్రంగా తోమి, కడిగి, నీళ్ళు విదిలించి తెచ్చాడు. దామోదరం చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ మూసి, ఆ వేళ్ళను ఒకసారి నొక్కాడు.

"నాకొద్దు. దీన్ని మీ ఇంట్లోనే పెట్టుకో, మీ గ్లాసుల పక్కన. మళ్ళా వచ్చినప్పుడు దీంట్లోనే తాగతా."

భోజనాలు అయ్యాయి. పంకజాక్షి సంగటీ, పులుసూ, వడలూ చేసింది. అందరూ బాగుందన్నారు. కాయల పెట్టెలు కారెక్కించారు. మునిచంద్ర దామోదరాన్ని గట్టిగా కావలించుకున్నాడు కూడా. మళ్ళీ కలుద్దామనుకున్నారు. ఎక్కడ అని మాత్రం ఎవరూ అనలేదు.

కారు తోట మలుపు దాటాక దామోదరం వెనక వసారాలోకి వచ్చాడు. గ్లాసు కిటికీ అరుగు మీద ఉంది. చేతిలోకి తీసుకున్నాడు. వంటింటి గడప ఎదురుగానే ఉంది. లోపల అలమరలో ఇంటి గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన దీన్ని బోర్లిస్తే అయిపోతుంది. బ్రహ్మవిద్య ఏమీ కాదు. కానీ రేపు పొద్దున అలమర తెరవగానే ఇది కనిపిస్తుంది. ఎల్లుండీ కనిపిస్తుంది. బస్టాండులో వేరుశెనక్కాయల పొట్లం పట్టుకుని నిలబడ్డ ముసలాయన కనిపిస్తాడు. తన సొట్ట గ్లాసుకు ఇది తగులుతుంది. ఆ రెండింటిలో ఏది తనను ఆపుతోందో దామోదరం తేల్చుకోలేకపోయాడు. చూడలేక అని తనకు తాను చెప్పుకున్నాడు. నిజం కూడా అయి ఉండవచ్చు. తల్లి మీద నెపం పెడదామంటే ఆమె లేదు.

తల పైకెత్తాడు. వసారా చూరు తాను అనుకున్న దానికంటే కిందికే ఉంది. వాసానికీ పెంకుకూ మధ్య నాయన కాలంలో గ్లాసు దోపిన చోటు అలాగే నున్నగా ఉంది. చెయ్యి దానంతట అదే అక్కడికి పోయింది. గ్లాసు సరిగ్గా పట్టింది.

"ఏమండీ, ఆ గ్లాసు ఇట్ల తెండి," లోపల్నుంచి పంకజాక్షి పిలిచింది. "అలమరలో పెట్టేస్తాను."

"ఉండనీలే," అన్నాడు దామోదరం. "బయటే ఉండనీ."